జిమ్ రోమ్ షో వినేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫోన్ చేసే కాలర్ల గురించి, ఆ స్టెర్న్ ఇంటర్వ్యూ గురించి

ఇర్వింగ్ వాసి (టెక్సస్):

అందరికీ నమస్కారం. మన దగ్గర ఎన్‌బీఏ మీద, క్రికెట్ మీద థ్రెడ్‌లు బోలెడున్నాయి. అమెరికా స్పోర్ట్స్ టాక్ రేడియో మీద మాత్రం ఒక్కటీ కనబడలేదు. జిమ్ రోమ్ షోతో మొదలుపెడదామని ఇది తెరిచాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రోమ్ కాలిఫోర్నియావాడు, 1964లో పుట్టాడు. శాంటా బార్బరాలో చదువుకుని, ఆ ఊరి రేడియోలోనే పని నేర్చుకున్నాడు. 90ల మొదట్లో శాన్ డియాగోలో పేరు తెచ్చుకున్నాడు. 1996 నుంచి షో దేశమంతా వెళ్లింది. 2019లో నేషనల్ రేడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. రోజుకు 3 గంటల ప్రోగ్రాం. పక్కన కబుర్లు చెప్పే రెండో హోస్ట్ లేడు. ఒక్కడే మైకు ముందు కూర్చుని, ఒకే విషయాన్ని తిప్పి తిప్పి చెబుతూ, మధ్యలో ఆగుతూ లాక్కొస్తాడు. రేడియోలో నిశ్శబ్దం అంటే అందరికీ భయం. ఈయన మాత్రం కావాలనే ఆగుతాడు. కారులో ఉన్నవాళ్ల చేయి వాల్యూమ్ బటన్ మీదకి వెళ్తుంది, అప్పుడు అసలు మాట అంటాడు.

కొత్తగా వినేవాళ్లకి అక్కడి భాష కాస్త అయోమయంగా ఉంటుంది. షోకి ముద్దుపేరు జంగిల్, అభిమానులు క్లోన్‌లు. అడవి కాబట్టి ఫోన్ లైన్ తీగ అన్నమాట. అందుకే కాలర్లు తీగ ఇచ్చినందుకు థాంక్స్ చెప్పి మొదలుపెడతారు. చివర్లో 'వార్' అని తమకు నచ్చినదాని పేరు చెప్పి దిగిపోతారు.

నాకు బాగా నచ్చేది కాలర్ల విషయంలో ఆయన పెట్టిన పద్ధతి. 'హావ్ ఎ టేక్, డోంట్ సక్' అన్నది షో నియమం. చెప్పడానికి నీ దగ్గర సొంత అభిప్రాయం ఉండాలి, దాన్ని పేలవంగా చెప్పకూడదు. 'ఎలా ఉన్నారు సార్, మీ ప్రోగ్రాం నాకు చాలా ఇష్టం' అని ముచ్చట్లు మొదలుపెట్టారా, లైన్ కట్. కాగితం చూసి చదువుతున్నట్టు అనిపించినా కట్టే. కాల్ బాగుంటే 'ర్యాక్ హిమ్' అంటాడు, అది ఆ రోజు బెస్ట్ కాల్ పోటీలోకి వెళ్తుంది. కొంతమంది దీన్ని పొగరు అంటారు. నేను ఒప్పుకోను. దేశం నలుమూలలా వింటున్నవాళ్ల టైమ్ అది. హోస్ట్ ఎంత సిద్ధమై వస్తాడో కాలర్ కూడా అంత సిద్ధమై రావాలనడం వినేవాళ్లకి ఇచ్చే గౌరవమే. కాలర్‌కి ఇంత విలువ ఇచ్చిన ప్రోగ్రాం ఇంకోటి నాకు తెలియదు.

మీరేమంటారు? అలాగే 2012లో, అప్పటి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) కమిషనర్ డేవిడ్ స్టెర్న్‌తో జరిగిన ఆ ఇంటర్వ్యూ మీద కూడా మీ అభిప్రాయం చెప్పండి.

నైట్‌షిఫ్ట్ నాని (హైదరాబాద్):

అన్నా, ఒక బేసిక్ డౌట్. నేను యాప్‌లో అమెరికా స్టేషన్లు పెట్టుకుని పని చేసుకుంటుంటాను. ఒకే షో, ఒక స్టేషన్‌లో వింటే ఆ ఊరి కార్ల షోరూమ్ యాడ్, ఇంకో స్టేషన్‌లో వింటే ఇంకో ఊరి డెంటిస్ట్ యాడ్. మాట్లాడేవాడు కాలిఫోర్నియాలో ఉంటే ఇన్ని ఊళ్ల యాడ్‌లు మధ్యలో ఎలా దూరుతున్నాయి? దేశమంతా వెళ్లడం అంటే మన ఆకాశవాణి ఢిల్లీ వార్తలు అన్ని కేంద్రాల్లో వచ్చినట్టేనా?

సీతమ్మధార (విశాఖపట్నం):

నాని గారూ, దీనికి నేను జవాబు చెప్పగలను. కొన్నేళ్లు ఒక ఎఫ్ఎం స్టేషన్ ట్రాఫిక్ విభాగంలో పని చేశాను. రేడియోలో ట్రాఫిక్ అంటే ఏ యాడ్ ఏ నిమిషంలో పడాలో షెడ్యూల్ వేసే పని.

ఆకాశవాణి వార్తల సంగతి వేరు, అక్కడ కేంద్రాలన్నీ ఒకే సంస్థవి. అమెరికాలో సిండికేషన్ అంటే షో ఒకరిది, స్టేషన్లు వేరే వేరే యజమానులవి. రోమ్ షోని 1996లో ప్రీమియర్ రేడియో నెట్‌వర్క్స్ అనే కంపెనీ ఊరూరి స్టేషన్లకు పంపడం మొదలుపెట్టింది. 2013 జనవరి నుంచి సీబీఎస్ స్పోర్ట్స్ రేడియోకి మారింది. చిన్న స్టేషన్లకి ఇలాంటి షోలు ఎక్కువగా డబ్బు తీసుకోకుండానే ఇస్తారు. దానికి బదులు గంటలో కొన్ని నిమిషాల యాడ్ టైమ్ షో కంపెనీ తన దగ్గర ఉంచుకుని దేశవ్యాప్త బ్రాండ్లకి అమ్ముకుంటుంది. మిగతా నిమిషాలు స్టేషన్‌వి. మీరు విన్న డెంటిస్ట్, కార్ల షోరూమ్ అందులోనే వస్తాయి. దీన్ని బార్టర్ అంటారు.

అన్ని ఊళ్లలో యాడ్‌లు ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ఆగాలి కాబట్టి గంట మొత్తానికీ ఒక 'క్లాక్' గీస్తారు. గుండ్రటి గడియారం బొమ్మ మీద ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా మాట, ఎక్కడ నెట్‌వర్క్ యాడ్, ఎక్కడ లోకల్ యాడ్ అని ముక్కలు చేసి ఉంటుంది. నెట్‌వర్క్ నుంచి వినబడని సిగ్నల్ ఒకటి వస్తుంది, స్టేషన్ కంప్యూటర్ దాన్ని అందుకుని తన యాడ్‌లు వేసేస్తుంది. గంట మారే దగ్గర స్టేషన్ తన కాల్ లెటర్లు (స్టేషన్ గుర్తింపు అక్షరాలు), ఊరి పేరు చెప్పి తీరాలి, అది అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమం. ఆ హార్డ్ బ్రేక్ దగ్గర హోస్ట్ మాట పూర్తికాకపోయినా సరే, కత్తిరించినట్టు యాడ్ వచ్చేస్తుంది. పెద్ద పెద్ద అతిథితో మాట్లాడుతున్నా హోస్ట్ కళ్లు గడియారం మీదే ఉంటాయి. ఇంటర్వ్యూలో సూటి ప్రశ్న తొందరగా ఎందుకు అడుగుతారో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇంకో సంగతి. ఆయన శాన్ డియాగో స్టేషన్ 690 ఏఎం ఉంది చూశారూ, దాని ట్రాన్స్‌మిటర్ అమెరికాలో లేదు. సరిహద్దు దాటి మెక్సికోలో రొసారిటో దగ్గర ఉంది, 77,000 వాట్లు. అమెరికాలో ఏఎం స్టేషన్‌కి 50,000 వాట్లు దాటి అనుమతి ఇవ్వరు. అంత పవర్ ఉండబట్టే శాన్ డియాగో షో లాస్ ఏంజెలెస్‌లో కూడా గట్టిగా వినబడేది. సిండికేషన్‌కి ముందే ఆయన గొంతు రెండు పెద్ద ఊళ్లకి అలవాటైపోయింది.

పాలమూరు (న్యూజెర్సీ):

మంచిగ చెప్పారు సీతమ్మధార గారు. నేను దీనికి ముందు కథ కూడా కలుపుతా. 24 గంటలూ స్పోర్ట్సే మాట్లాడే మొదటి స్టేషన్ మా పక్కనే న్యూయార్క్‌లో పుట్టింది, డబ్ల్యూఎఫ్ఏఎన్, 1987 జూలై 1న. అప్పుడు ఇది నడవదని చాలామంది అన్నారంట. అది నిలబడ్డాక ప్రతి ఊర్లో ఒకటి మొదలైంది. పొద్దునా సాయంత్రం లోకల్ హోస్ట్‌ని పెట్టుకుంటారు, మధ్యాహ్నానికి కూడా మనిషిని పెట్టి జీతం ఇవ్వాలంటే చిన్న ఊర్ల స్టేషన్లకి భారం. ఆ ఖాళీలోకి రోమ్ వచ్చిండు. 1996లోనే టెలికాం చట్టం మార్చి, ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఇన్నే స్టేషన్లు కొనాలన్న పరిమితి తీసేశారు. కంపెనీలు గుంపులు గుంపులుగా స్టేషన్లు కొన్నాయి, ఒకే షోని అన్నిట్లో వేసుకున్నాయి. టాలెంట్ ఉంది, కాదనను. కానీ టైమ్ కూడా కలిసొచ్చింది.

కొలంబస్ అమ్మాయి (ఒహాయో):

కాలర్ల విలువ గురించి ఇర్వింగ్ గారు రాసింది బాగుంది. కానీ 1994 సంగతి ఎవరూ ఎత్తకపోతే ఈ చర్చ సగమే అవుతుంది.

ఈఎస్‌పీఎన్ 2లో రోమ్‌కి 'టాక్ 2' అని ఒక టీవీ షో ఉండేది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) జిమ్ ఎవరెట్‌ని పిలిచాడు. ఎవరెట్ దెబ్బలకి భయపడతాడని అంతకుముందు నుంచే రేడియోలో ఆయన్ని 'క్రిస్' అని పిలిచేవాడు, టెన్నిస్ ఆటగత్తె క్రిస్ ఎవర్ట్‌ని గుర్తుచేస్తూ. ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్లీ అదే పేరుతో పిలిచాడు. ఇంకోసారి అలా అంటే బాగుండదని ఎవరెట్ హెచ్చరించాడు. రోమ్ ఇంకోసారి అన్నాడు. ఎవరెట్ బల్ల తోసేసి ఆయన మీద పడ్డాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది.

ఈ గొడవ గురించి మాట్లాడేవాళ్లంతా చేయి చేసుకోవడం తప్పా, రెచ్చగొట్టడం తప్పా అన్న దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకంటే ముందు కోపం వచ్చేది ఆ పేరు దగ్గర. క్రిస్ ఎవర్ట్ 18 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్స్ గెలిచింది. ప్రపంచ నంబర్ 1గా ఏళ్ల తరబడి ఉంది. పిరికితనానికి ఆమె పేరు తిట్టుగా ఎలా పనికొస్తుంది? ఆడమనిషి కావడం తప్ప ఇంకో కారణం ఉందా? వినేవాళ్లని గౌరవించడం అంటున్నాం కదా, ఆ రోజు వింటున్న ఆడవాళ్లని లెక్కలోకి తీసుకోలేదు.

ఇర్వింగ్ వాసి (టెక్సస్):

మీరు చెప్పినదానిలో ఒక్క మాట కూడా కాదనలేను అమ్మా. పైగా ఎవరెట్ ఆట గురించి కూడా ఆ నింద అన్యాయమే. 1988లో 31, 1989లో 29 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌లోనే మొదటివాడు ఆయన. 1990 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోతో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్‌లో ఎవరూ తాకకముందే కింద కూర్చుండిపోయిన ఒక్క ప్లే పట్టుకుని పేరు పెట్టేశారు. ఆ మ్యాచ్ 30–3తో ఓడిపోయారు. ఆ ఒక్క సీను ఆయన కెరీర్ మొత్తాన్నీ కప్పేసింది.

తర్వాతి ఏళ్లలో రోమ్ ఆ రోజు గురించి బాధపడుతున్నట్టే మాట్లాడాడు. ఇంటర్వ్యూల తీరు కూడా మారింది. ఇప్పుడు అతిథిని పిలిచి ఎగతాళి చేయడం వినబడదు. మోనోలాగ్‌లో ఎవరినైనా ఉతికేస్తాడు, అదే మనిషి లైన్‌లోకి వస్తే ప్రశ్న అడిగి ఊరుకుంటాడు.

పాలమూరు (న్యూజెర్సీ):

అక్కా, 30 ఏళ్ల కిందటి మాట అది. అప్పటి స్పోర్ట్స్ రేడియో అంతా అట్లనే ఉండే.

కొలంబస్ అమ్మాయి (ఒహాయో):

అప్పుడు అంతా అలాగే ఉండేదంటే, అప్పుడు కూడా వినేవాళ్లలో మేము ఉన్నామనేదే నేను చెప్పేది తమ్ముడూ. ఆయన మారాడంటే సంతోషమే. మార్పుకి ముందు ఏముందో కూడా థ్రెడ్‌లో ఉండాలి, అంతే.

సరే, స్టెర్న్ ఇంటర్వ్యూకి వద్దాం. అందులో కూడా నాకొక మాట ఉంది, ముందు మీరు మొదలుపెట్టండి.

పాలమూరు (న్యూజెర్సీ):

నేను మొదలుపెడతా, ఎందుకంటే నాకు అది గట్టిగ నచ్చిన ఇంటర్వ్యూ.

నానికి నేపథ్యం చెప్పాలి. 2010 డిసెంబర్‌లో న్యూ ఓర్లీన్స్ హార్నెట్స్ జట్టుని కొనేటోడు దొరక్క ఎన్‌బీఏనే కొనుక్కుంది. అంటే 30 జట్లకి పెద్దమనిషిగా ఉండాల్సిన లీగే ఒక జట్టుకి యజమాని అయింది. 2011 డిసెంబర్‌లో ఆ జట్టు తన స్టార్ ఆటగాడు క్రిస్ పాల్‌ని లేకర్స్ జట్టుకి ఇచ్చే డీల్ కుదుర్చుకుంటే, యజమాని తరఫున కమిషనర్ స్టెర్న్ వద్దన్నడు. 2012 ఏప్రిల్‌లో టామ్ బెన్సన్ జట్టుని కొంటున్నడని ప్రకటించారు. మే 30న డ్రాఫ్ట్ లాటరీ, అంటే కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడంలో మొదటి వంతు (పిక్) ఏ జట్టుదో తేల్చే డ్రా. ఆ ఏడు అందరి కన్ను కాలేజీ ఆటగాడు ఆంథనీ డేవిస్ మీద. 66 మ్యాచ్‌లలో 7 గెలిచిన షార్లెట్‌కి మొదటి పిక్ వచ్చే అవకాశం 25 శాతం. హార్నెట్స్‌కి 14 శాతం కూడా లేదు. వచ్చింది హార్నెట్స్‌కి.

జూన్ 13న స్టెర్న్ రోమ్ షోకి వచ్చిండు, ఫైనల్స్ నడుస్తున్న టైమ్. రోమ్ అడిగిండు: లాటరీ ముందే ఫిక్స్ చేశారా? అభిమానులు ఆఫీసుల్లో, బార్లలో, మెసేజ్‌లలో రెండు వారాలుగా అడుగుతున్న ప్రశ్నే అది. కమిషనర్ లైన్‌లో ఉన్నప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు అడగాలి? స్టెర్న్ లేదన్నడు, ఆ ప్రశ్న అడిగినందుకు సిగ్గుపడమన్నడు. రోమ్ వెనక్కి తగ్గలే. అడగడం తన పని అన్నడు. అప్పుడు స్టెర్న్, 'నువ్వు నీ భార్యని కొట్టడం మానేశావా' అని ఎదురు ప్రశ్న వేసిండు.

నా లెక్కన రోమ్ పాస్, స్టెర్న్ ఫెయిల్. పెద్ద కుర్చీలో ఉన్నోడికి ఇబ్బంది కలిగించే ప్రశ్న అడగకపోతే అది ఇంటర్వ్యూ కాదు, పబ్లిసిటీ.

సీతమ్మధార (విశాఖపట్నం):

ప్రశ్న అడగాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ అడిగిన తీరుతో నాకు పేచీ ఉంది.

ఫిక్స్ చేశారా అంటే ఏ కమిషనర్ అయినా ఇచ్చే జవాబు ఒకటే. లేదు. ఆ తర్వాత పోవడానికి దారి లేదు. వినేవాడికి కొత్తగా ఏం తెలిసింది?

లాటరీ ఎలా తీస్తారో చూడండి. యంత్రంలో 1 నుంచి 14 దాకా నంబర్లున్న 14 బంతులు వేస్తారు. నాలుగు బయటికి వస్తాయి. వరుసతో పని లేకుండా లెక్కేస్తే 1,001 రకాల కలయికలు. ఒకటి వదిలేసి మిగతా 1,000 జట్లకి పంచుతారు. అప్పటి నిబంధనల ప్రకారం అట్టడుగు జట్టుకి 250. జట్ల ప్రతినిధులు, ఆడిటింగ్ కంపెనీ మనుషులు, కొందరు విలేకరులు ఉన్న మూసిన గదిలో ఇదంతా అవుతుంది. ఫోన్లు బయటే పెట్టేయాలి. టీవీలో మనం చూసేది ఆ తర్వాత కవర్లు విప్పడం మాత్రమే.

అందుకే నేనైతే అడిగేదాన్ని: బంతులు పడే దృశ్యం టీవీలో లైవ్‌గా ఎందుకు చూపించరు? జట్టు మీ చేతిలో ఉన్న ఏడాది ఆ జట్టుని లాటరీలో ఉంచడం గురించి మిగతా యజమానులు ఏమైనా అన్నారా? వీటికి అవును, కాదు అని చెప్పి తప్పించుకోలేరు. కోప్పడినా ఎందుకు కోపం వచ్చిందో వినేవాళ్లకి తెలుస్తుంది.

ఇర్వింగ్ వాసి (టెక్సస్):

సీతమ్మధార గారూ, మీ రెండు ప్రశ్నలూ చాలా బాగున్నాయి. కానీ మీరే అన్నారు, గడియారం పరిగెడుతుంటుంది. పది పన్నెండు నిమిషాల ముక్కలో చుట్టుతిరిగి వచ్చేలోపు హార్డ్ బ్రేక్. రోమ్ వినేవాడి నోట్లో ఉన్న మాటనే వాడాడు. ఒక ఒహాయో ట్రక్ డ్రైవర్ స్టెర్న్ ఎదురుపడితే ఎలా అడుగుతాడో అలా అడిగాడు. ఆ షో బలం అదే.

స్టెర్న్‌కి అంత కోపం ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించాలి. ఆ అనుమానం ఆయన్ని 1985 నుంచి వెంటాడుతోంది. మొట్టమొదటి లాటరీలో గుండ్రటి డ్రమ్‌లో వేసిన ఏడు కవర్లనీ తీసింది స్టెర్నే. పాట్రిక్ యూయింగ్ దక్కే మొదటి పిక్ న్యూయార్క్ నిక్స్‌కి వెళ్లింది. కవరు ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఉంచారని, అది పట్టి తీశారని కథలు పుట్టాయి. 27 ఏళ్లు ఆ కథ విన్న మనిషికి మళ్లీ అదే ప్రశ్న. నాకు ఆయన మీద జాలి కూడా ఉంది. అయినా రోమ్ అడిగింది సరైనదే అంటాను.

కొలంబస్ అమ్మాయి (ఒహాయో):

నా మాట ఇదిగో. స్టెర్న్ లాయర్‌గా చదివినవాడు. భార్యని కొట్టడం మానేశావా అన్నది కోర్టు తర్కంలో పాత ఉదాహరణ. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే అయ్యే ప్రశ్న ఎలా ఉంటుందో చూపించడానికి వాడతారు. రోమ్ ప్రశ్న కూడా అలాంటిదేనని ఆయన చెప్పదలచుకున్నాడు. కానీ అది తప్పు పోలిక. ఫిక్స్ చేశారా అంటే 'లేదు' అనొచ్చు, అందులో ఉచ్చు లేదు. ఆయన అన్నాడు కూడా.

ఇక రెండోది. కారులో వెళ్తూ వింటున్న ఏ ఇంట్లోనైనా ఆ హింస నిజంగా జరుగుతుండొచ్చు. దేశంలోనే పెద్ద లీగుల్లో ఒకదానికి అధిపతి దాన్ని మాటకి మాటగా వాడాడు. 1994లో తిట్టుగా ఒక ఆడమనిషి పేరు, 2012లో తర్కంగా ఒక ఆడమనిషి మీద దెబ్బ. ఇద్దరు మగవాళ్లు వాదించుకుంటే మధ్యలోకి మమ్మల్ని లాగడం ఈ రంగానికి అలవాటైపోయిందని నాకు బాధ. అక్కడ రోమ్ నిగ్రహంగా ఉన్నాడు, అది మాత్రం మెచ్చుకోవాలి. ఎదురు తిట్టలేదు, అలా అనడం న్యాయం కాదన్నాడు, మాట కొనసాగించాడు.

పాలమూరు (న్యూజెర్సీ):

ఈ కోణం నేను ఆలోచించలేదక్కా. మంచిగ చెప్పారు.

నైట్‌షిఫ్ట్ నాని (హైదరాబాద్):

ఇంత ఉందా ఇందులో! సరే, ఆ స్మాక్-ఆఫ్ అంటే ఏంటి? ప్రతిచోటా ఆ పేరు కనిపిస్తోంది.

ఇర్వింగ్ వాసి (టెక్సస్):

అదే ఈ షోకి పండగ నాని. 1995లో మొదలైంది, ఏడాదికి ఒకసారి. ఏడాది పొడుగునా మంచి కాల్స్ చేసినవాళ్లకి, పాత విజేతలకి ఆహ్వానం వెళ్తుంది. ఆ రోజు షో మొత్తం వాళ్లదే. ఒక్కొక్కరు వచ్చి మిగతా కాలర్లనీ, హోస్ట్‌నీ, ఆటగాళ్లనీ మాటలతో చీల్చి చెండాడి వెళ్తారు. ఒకరు ప్రాసతో వస్తారు, ఒకరు గొంతులు మారుస్తారు, ఒకరు చాలా నెమ్మదిగా మొదలుపెట్టి చివరి వాక్యంతో కొడతారు. చివర్లో రోమ్ వరుస ప్రకటిస్తాడు. వీళ్లెవరూ రేడియో మనుషులు కాదు, మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. మన అవధానంలో పృచ్ఛకుల మధ్య కూర్చున్న కవి ఎంత ఏకాగ్రతతో ఉంటాడో, ఆ కొద్ది నిమిషాలూ వీళ్లు అంత ఏకాగ్రతతో ఉంటారు. గొంతు వణికితే వినేవాళ్లందరికీ తెలిసిపోతుంది.

కొందరు హద్దు దాటతారు, కుటుంబాల జోలికి వెళ్తారు. అది నాకు నచ్చదు. బాగా చేసే కాలర్లకి దాని అవసరమే రాదు.

కొలంబస్ అమ్మాయి (ఒహాయో):

కాల్ చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. రోమ్ షోకి కాదు, ఇక్కడి ఒక లోకల్ ప్రోగ్రాంకి ఒహాయో స్టేట్ ఫుట్‌బాల్ గురించి ఫోన్ చేశాను. ముందు ఎత్తేది స్క్రీనర్. పేరు, ఊరు అడిగాడు, ఆ తర్వాత 'ఒక్క వాక్యంలో మీ పాయింట్ చెప్పండి' అన్నాడు. నేను కిరాణా రసీదు వెనక మూడు లైన్లు రాసుకుని ఉన్నాను. అందులో మొదటిది చదివాను. అది హోస్ట్‌కి స్క్రీన్ మీద టైప్ చేసి పంపుతారట. రేడియో వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి, ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, మీ గొంతు మీకే వినబడితే తడబడతారు అన్నాడు. ఎవరైనా బూతు మాట్లాడితే ఆపడానికి పెట్టిన ఆలస్యం అది.

హోల్డ్‌లో ఉన్నంతసేపూ షో చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. పార్కింగ్‌లో కారు ఇంజిన్ ఆపేసి, ఏసీ శబ్దం కూడా లేకుండా కూర్చున్నాను. ఒకే టెన్షన్. నా పేరు పిలిచే సరికి మూడు లైన్లలో రెండు మర్చిపోయాను. ఉన్న ఒక్క పాయింటూ గట్టిగా చెప్పాను: ఆ ఓటమిలో తప్పు క్వార్టర్‌బ్యాక్‌ది కాదు, మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) ప్లే కాలింగ్‌ది, అంటే ఏ ఎత్తు వేయాలో ఎంచుకున్న తీరుది. హోస్ట్ తిరిగి ప్రశ్న అడిగాడు, జవాబు చెప్పాను. నా యాస గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆట తెలిసినవాళ్లు ఆట గురించే మాట్లాడారు. ఈ విషయంలో ఇర్వింగ్ గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, సిద్ధమై రమ్మని అడగడం గౌరవమే.

సీతమ్మధార (విశాఖపట్నం):

ఆ స్క్రీనర్ ప్రశ్న మన ఫోన్-ఇన్ ప్రోగ్రాంలకి కూడా వస్తే ఎంత బాగుండును. 'మీ వాయిస్ బాగుందండీ, ఏం చేస్తుంటారు, ఇంట్లో అందరూ బాగున్నారా' అనేలోపే సగం టైమ్ అయిపోతుంది. పాటలు కోరుకునే ప్రోగ్రాంలో అది అందమే, ఆ ఆప్యాయత కోసమే జనం ఫోన్ చేస్తారు. కానీ ఆట మీద తెలుగులో రోజూ అభిప్రాయాలు చెప్పుకునే చోటు కావాలి. తెలుగు కామెంటరీకి స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఉంది. మ్యాచ్ అయ్యాక విజయనగరం నుంచో వరంగల్ నుంచో ఒకరు ఫోన్ చేసి, ఫలానా ఓవర్ ఫలానా బౌలర్‌కి ఎందుకిచ్చారని నిలదీసి, దానికి తర్కంతో జవాబు వచ్చే ప్రోగ్రాం ఉంటే నేను రోజూ వింటాను.

పాలమూరు (న్యూజెర్సీ):

గుర్రాల సంగతి ఎవరూ చెప్పలేదు. రోమ్‌కి, ఆయన భార్యకి గుర్రప్పందేల స్టేబుల్ ఉంది, జంగిల్ రేసింగ్ అని. మిజ్‌డైరెక్షన్ అనే ఆడగుర్రం 2012లో, 2013లో వరసగా బ్రీడర్స్ కప్ టర్ఫ్ స్ప్రింట్ గెలిచింది. షేర్డ్ బిలీఫ్ అనే గుర్రంలో కూడా వాళ్లకి వాటా ఉండే. అది 2014లో పసిఫిక్ క్లాసిక్, 2015లో శాంటా అనిటా హ్యాండిక్యాప్ గెలిచింది, కెంటకీ డెర్బీ గెలిచిన కాలిఫోర్నియా క్రోమ్‌ని కూడా ఓడించింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే కడుపునొప్పి జబ్బుతో చనిపోయింది. అందరినీ ఎగతాళి చేసే మనిషిగా పేరున్నోడు ఒక గుర్రం మీద అంత ప్రేమగా మాట్లాడడం వింటే మనిషి మీద నా అభిప్రాయమే మారింది.

నైట్‌షిఫ్ట్ నాని (హైదరాబాద్):

నేను మొదలుపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇక్కడ ఏ టైమ్‌కి వస్తుంది?

ఇర్వింగ్ వాసి (టెక్సస్):

పసిఫిక్ టైమ్ ఉదయం 9కి మొదలవుతుంది. ఇక్కడ ఎండాకాలం టైమ్ ఉన్న నెలల్లో, అంటే మార్చి నుంచి నవంబర్ మొదటి వారం దాకా, మీకు రాత్రి 9:30. చలికాలంలో 10:30. నీ షిఫ్ట్‌కి సరిగ్గా సరిపోతుంది. మొదటి గంట మోనోలాగ్ వదలకు. సోమవారాలు విను, ఎన్‌ఎఫ్ఎల్ సీజన్‌లో అయితే ఆదివారం మ్యాచ్‌ల వేడి ఇంకా తగ్గి ఉండదు. స్టెర్న్ ఇంటర్వ్యూ మాత్రం చిన్న క్లిప్ కాకుండా మొత్తం విను. సీతమ్మధార గారి ప్రశ్నలు పక్కన పెట్టుకుని వింటే ఇంకా బాగుంటుంది.

కొలంబస్ అమ్మాయి (ఒహాయో):

దానితో పాటు డాన్ పాట్రిక్ షో కూడా విను నానీ. నా ఓటు ఆయనకే. ఆయన ప్రశ్నలు చాలా పొట్టిగా ఉంటాయి, అడిగాక అడ్డు రాడు, అతిథి ఖాళీ నింపేస్తాడు. కాలర్లు ముందుగా తమ ఎత్తు, బరువు చెప్పుకోవడం అక్కడి ఆచారం. కనెక్టికట్‌లోని మిల్‌ఫర్డ్‌లో కూర్చుని, గదిలోని తన టీమ్‌తో మాట్లాడుతూనే నడిపిస్తాడు. 2027 చివర్లో ఆపేస్తానని 2023లోనే ప్రకటించాడు, కాబట్టి వినడానికి ఇదే టైమ్. దాని మీద వేరే థ్రెడ్ తెరుస్తున్నాను. సీతమ్మధార గారూ, పొట్టి ప్రశ్నల గురించి మీరు అక్కడ రాయాలి.

సీతమ్మధార (విశాఖపట్నం):

తప్పకుండా. లింక్ పెట్టమ్మా.